కూర్చోడానికి చేసిన బల్ల

అమ్మను పెట్టెలో పడుకోబెట్టాక మూత పడలేదు. కొలత తప్పేమీ లేదు. పొడవూ వెడల్పూ సరిగానే చేశారు. కానీ అమ్మ వీపు చెక్కకి ఆనదు. వెల్లకిలా పెడితే తలా భుజాలూ గాలిలోకి లేచి ఉంటాయి. బతికుండగా ఎన్నో ఏళ్లుగా ఆమె పక్కకి తిరిగే పడుకునేది. ఆ సంగతి పెట్టె చేసినవాళ్లకి చెప్పాలని నాకు తట్టలేదు. సంఘంలోని కుర్రాడొకడు, మంచివాడే, ఆమె భుజాల మీద చేతులు వేసి మెల్లగా అదమబోయాడు. "నొక్కకు బాబూ" అని అరిచాను. ఇల్లంతా నా వైపు చూసింది. చివరికి అమ్మను పక్కకి తిప్పి, మోకాళ్లు కాస్త మడిచి, చంటిపిల్లలా పడుకోబెట్టాం. పాస్టరు గారు ప్రార్థనలో ఆమె విశ్రాంతిలో ప్రవేశించిందన్నారు. ఆ మాటకి నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది.

వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "తొంభై దాటిన మనిషి, నడుం వంగదా?" వయసు వల్ల కాదు. ఆ నడుం ఎప్పుడు వంగడం మొదలైందో నాకు తెలుసు. అప్పటికి అమ్మకు నలభై నిండలేదు. నేను పక్కనే ఉన్నాను. ఊరికే పక్కన ఉండటం కాదు, అందులో నా చేయి కూడా ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇక దాచుకుని చేసేదేమీ లేదు కనుక రాస్తున్నాను.

అప్పట్లో మేం పలాసలో ఉండేవాళ్లం. నాన్న నా చిన్నతనంలోనే జ్వరంతో పోయాడు. అమ్మ, నేను, రైలు కట్టకి అవతల ఒక తాటాకు ఇల్లు. అమ్మ పేరు రూతమ్మ. జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టేది. నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, ఆ పైన చదివే దారి లేక, పద్దెనిమిదో ఏట అమ్మతోపాటే బట్టీకి వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున్నే చోడి అంబలి తాగి, మధ్యాహ్నానికి చద్దన్నం గిన్నెలో మూట కట్టుకుని, ఇద్దరం బయల్దేరేవాళ్లం. బట్టీ ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే వాసన వచ్చేది. మాడిన పిక్కల పొగ, గొంతులో జిడ్డుగా అతుక్కుపోయే పొగ. పలాస వదిలి యాభై ఏళ్లు దాటినా, ఎక్కడైనా నూనె మాడిన వాసన వస్తే నా వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

పని చెప్పుకోవడానికి చాలా తేలిక. కాల్చిన పిక్కను రాయి మీద నిలబెట్టి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. పెంకు పగలాలి, లోపలి పప్పు పగలకూడదు. గుండు గుండుగా రావాలి. బద్ద అయితే మేస్త్రీ తిట్లు. పెంకులోని సొన తగిలితే చర్మం కాలిపోతుంది కాబట్టి చేతులకు బూడిద పూసుకునేవాళ్లం. అయినా కాలేది. అమ్మ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గీతలే ఉండేవి కావు, అరిగిన నాణెంలా నున్నగా, నల్లగా ఉండేవి. ఎవరైనా అడిగితే ఆ వేళ్లే చూపించేది. అందరూ చేతుల గురించే మాట్లాడేవారు. నడుం సంగతి ఎవరూ మాట్లాడేవారు కాదు, ఎందుకంటే నడుం కనపడదు.

రాయి నేల మీద ఉండేది. గోనెపట్టా వేసుకుని దాని ముందు గొంతుక్కూర్చునేవాళ్లం. మోకాళ్లు చంకల దాకా వచ్చేవి. ఎడమవైపు కుప్పలోంచి పిక్క తీయడం, వంగి కొట్టడం, కుడివైపు వెదురు జల్లలో పప్పు వేయడం. ఎడమకి తిరుగు, వంగు, కుడికి తిరుగు. రోజంతా అదే. మొదటి వారం నాకు లేవడం చేతకాక, అన్నాలకి పిలిస్తే పాక్కుంటూ గోడ దాకా వెళ్లి, గోడ పట్టుకుని లేచాను. అప్పలమ్మ అని అమ్మ పక్కనే కూర్చునే ఆవిడ పకపకా నవ్వింది. "సదువుకున్న మోకాళ్లే, అలాగే ఉంటాయి. నెల్లాళ్లు పోతే నొప్పి తెలీదులే" అంది. నొప్పి తెలియకపోవడమంటే తగ్గిపోవడం కాదని నాకు తర్వాత అర్థమైంది.

ఆదివారం గుడిలో ఆడవాళ్లం చాప మీద కూర్చునేవాళ్లం. ప్రార్థనకి మోకరించి లేచేటప్పుడు అమ్మ మూడు వాయిదాల్లో లేచేది. ముందు ఒక చేయి నేలకి ఆనించి ఆగేది, తర్వాత ఒక మోకాలు ఎత్తి ఆగేది, ఆ తర్వాత నా భుజం పట్టుకుని లేచేది. ఆమేన్ అన్నాక అందరూ పాట అందుకునేవారు, అమ్మ మాత్రం మొదటి చరణం అయిపోయాక నిలబడేది. దాన్ని చూసినవాడు ఒక్కడే, దావీదు మావ.

మావ అమ్మకి తమ్ముడు. వడ్రంగి. నాగళ్లు, బండి చక్రాలు, తలుపులు చేసేవాడు. మాట తక్కువ. ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీ కాళ్లు కదిపి చూసి కాని కూర్చునేవాడు కాదు. ఒక ఆదివారం గుడి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"అప్పా, రాయి ముందు ఎలా కూకుంటావో ఓసారి కూకో" అన్నాడు.

అమ్మకి సిగ్గేసింది. "ఏటిరా, ఎర్రోడిలాగ! ఆదివారం పూట పనేటి?"

"పని సెయ్యక్కర్లేదు. కూకో సాలు."

అమ్మ కూర్చుంది. మావ చుట్టూ తిరిగి చూశాడు. జేబులోంచి తాడు తీసి, ఆమె మోచేయి నేలకి ఎంత ఎత్తులో ఉందో, మోకాలు మడత ఎంత ఎత్తులో ఉందో కొలిచి, తాడుకి ముళ్లు వేసుకున్నాడు. తర్వాత ఆ తాడు చూస్తూనే అన్నాడు. "నాగలి మేడి మనిషి ఎత్తుని బట్టి సెక్కుతాను. ఎద్దు మెడని సూసి కాడి సేస్తాను, లేపోతే మెడ పుండైపోతాదని రైతే వచ్చి తగువాడతాడు. నీకు మటుకు రాయి నేల మీదెట్టేసారు. ఎవుడు కొలిసాడప్పా?"

"మడిసికి కొలతేటిరా" అని నవ్వింది అమ్మ.

పది రోజుల్లో మావ ఒక బల్లా, ఒక ముక్కాలిపీటా చేసుకొచ్చాడు. పాత సామాను పెట్టెల చెక్క, కానీ నున్నగా చిత్రిక పట్టాడు. బల్ల మీద రాయి ఒదిగి కూర్చునేలా గుంట తొలిచాడు. పీట మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనతాయి, రాయి మోచేతికి కాస్త కిందుగా ఉంటుంది. వంగక్కర్లేదు. పిక్కలకి ఎడమవైపు ఒక తొట్టి, పప్పు జల్ల పెట్టుకోడానికి కుడివైపు ఇంకొకటి, తిరగక్కర్లేకుండా చేతికందేలా. బట్టీ యజమాని షావుకారు అప్పుడు కలకత్తా వెళ్లి ఉన్నాడు. మేస్త్రీ తల గోక్కుని, "షావుకారొచ్చేదాకా ఎట్టుకోండి, తరవాత నాకు తెల్దు" అన్నాడు.

ఆ నెల రోజులూ నా జ్ఞాపకంలో వేరే వెలుతురులో ఉన్నాయి. అమ్మ పని చేస్తూ మాట్లాడేది. అంతకుముందు పనిలో ఆమెకి మాట వచ్చేది కాదు, ఊపిరి చాలేది కాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక చాప మీద వాలిపోకుండా, చారు పెట్టి, గుమ్మంలో నిలబడి అప్పలమ్మతో ఊరి కబుర్లు చెప్పేది. అమ్మ జల్లలో గుండ్లు పెరిగాయి, బద్దలు తగ్గాయి. తిన్నగా కూర్చున్న మనిషి దెబ్బ తిన్నగా పడుతుంది మరి. అది చూసి అప్పలమ్మ తనకీ కావాలంది. తర్వాత మరొకరు. మావ రాబడి వచ్చే పని మానుకుని, దొరికిన చెక్కల్లా పోగేసి, ఒక్కొక్క ఆడమనిషినీ తాడుతో కొలిచి, పది బల్లలూ పది పీటలూ చేశాడు. కూలి అడగలేదు. నాది కూడా చేశాడు. నా పీట కాలు మీద నా పేరులోని మొదటి అక్షరం ఉలితో చెక్కాడు. ఎస్తేరు అనే నా పేరులో ఆయనకి రాయడం వచ్చిన అక్షరం అదొక్కటే.

షావుకారు ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఆయనకి వరసగా వంగిన వీపులు కనిపించేవి. ఆ రోజు ముఖాలు కనిపించాయి. పది ముఖాలు ఎదురుగా, ఇంచుమించు ఆయన ఛాతీ ఎత్తులో. మేం లేచి నిలబడాలని మాకు తట్టలేదు. నేల మీద ఉన్నప్పుడు ఆ అవసరమే రాలేదు.

"ఏటిది? కచేరీ ఎట్టినారా?" అన్నాడు.

మేస్త్రీ ఏదో గొణిగాడు. షావుకారు నడుచుకుంటూ వచ్చి అమ్మ జల్లలో చేయి పెట్టి గుండ్లు తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. ఆ జల్ల ఏం చెబుతోందో ఆయనకి అర్థమైంది. కొంచెంసేపు ఆలోచించి చెప్పాడు. "బల్లలుండనీ. పప్పు సుబ్రంగా వస్తన్నాది. పీటలు తీయించీ. నానొస్తే కుర్సీల్లో కూకుని సూస్తారేటి? కూకుంటే నిద్దరొస్తాది కూడాను."

పీటలన్నీ గోదాములోకి పోయాయి.

ఇక్కడ చదివేవారు ఒక్క క్షణం ఆగి లెక్క చూసుకోవాలి. ఆ బల్లలు కూర్చున్న మనిషి మోచేతికి చేసినవి. నిలబడితే అవి తొడల దగ్గరికి వస్తాయి. రాయి మీద పిక్క కనపడాలంటే నడుం దగ్గర సగానికి విరిగినట్టు వంగి ఉండాలి. గొంతుక్కూర్చున్నప్పుడు నొప్పి మోకాళ్లకీ నడుంకీ పంచుకునేది. ఇప్పుడు మొత్తం నడుం మీదే పడింది. వారం తిరక్కుండానే అందరూ, మళ్లీ కిందే కూర్చుంటామని బతిమాలారు. కుదరదన్నాడు. నేల మీద పప్పుకి మన్ను అంటుతుందన్నాడు. అప్పలమ్మ బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటే, బల్ల కదిలి రాయి పడుతుందని మేస్త్రీ తీయించేశాడు.

మావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మం బయట నిలబడి, చెప్పులు విప్పి, "బాబూ, కాళ్లకి జానెడు ముక్కలు అతికిస్తాను. ఒక్క రోజు పని. కూలొద్దు. నిలబడే ఎత్తుకి సేసీస్తాను" అన్నాడు.

"నా బల్లల జోలికి రాకు" అన్నాడు షావుకారు.

నా బల్లలు. మావ ముఖం నాకు ఇంకా కనిపిస్తుంది. తిట్టినా కొట్టినా అలా అయ్యేవాడు కాదు. తను చేసిన కొలతే అక్కని విరుస్తోందని అతనికి తెలిసిపోయింది.

అర్జీ పెడదామన్నది మావే. కార్మికుల ఆఫీసు ఒకటుందని, ఇన్‌స్పెక్టరు వస్తాడని ఎవరో చెప్పారట. "నువ్వు రాయే గుంటా, నీకు సదువుంది కదా" అన్నాడు. రాశాను. మా ఇంటి గుమ్మంలో కూర్చుని, మంచి దస్తూరీతో, పీటలు తిరిగి ఇప్పించవలెనని, లేదా బల్లల ఎత్తు పెంచవలెనని. మావ నిశానీ పెట్టాడు. మిగతావాళ్లూ నిశానీలు పెట్టారు. నేను సంతకం చేయలేదు. రాసింది నేనే కదా, మళ్లీ సంతకం ఎందుకని అనుకున్నాను. అలా అనుకున్నానని చెప్పుకున్నాను.

ఇన్‌స్పెక్టరు రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఈలోగా విజయనగరంలో టీచరు ట్రైనింగుకి దరఖాస్తులు పిలిచారు. బడి విడిచాక ఎక్కడ పనిచేశామో అక్కడి యజమాని దగ్గర నడవడిక సర్టిఫికెట్ తెమ్మన్నారు. షావుకారుని అడిగాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "సదువుకున్న పిల్లవి, నీలాటోళ్లు పైకి రావాలమ్మా. ఇస్తాను. ఎవులో గవర్నమెంటోళ్లు వస్తారట, ఆ గొడవ కాస్త కానీ" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం లేదు.

ఆ రోజు పొద్దున్న మేం వెళ్లేసరికి పీటలన్నీ కడిగి, బల్లల ముందు వేసి ఉన్నాయి. నా అక్షరం ఉన్న పీట ఎవరికో వేశారు. ఆడవాళ్లు ముట్టుకోవాలో వద్దో తెలియనట్టు నిలబడ్డారు. మేస్త్రీ "కూకోండి, కూకోండి" అని తొందరపెట్టాడు. కూర్చున్నారు. అమ్మ కూర్చుంటూనే కళ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, చెడ్డవాడిలా లేడు. చేతిలో నా దస్తూరీ ఉన్న కాగితం. చుట్టూ చూసి, "ఇక్కడ చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. ఎంత నమ్మకంగా తిరిగాయో!

"అమ్మాయ్, ఈ పీటలు రోజూ ఉంటాయా?"

షావుకారు నా వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"ఉంటాయండి" అన్నాను.

"మరి ఈ అర్జీ?"

"ఎవరో తెలియక రాసుంటారండి."

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఎవరూ గొల్లుమనలేదు, ఎవరూ నన్ను తిట్టలేదు. సుత్తుల చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ పూటంతా అందరూ పీటల మీద కూర్చునే పనిచేశారు. మర్నాడు పీటలు లేవు. ఆ మర్నాడు నాకు సర్టిఫికెట్ వచ్చింది. మంచి నడవడిక కలదు అని రాసి, కింద రబ్బరు ముద్ర వేశారు.

మావ ఒక్కసారి అడిగాడు. పని చేసుకుంటూ, తల ఎత్తకుండా. "కాయితమ్మీద రాసింది నిజమేటే? నోటితో సెప్పింది నిజమేటే?" తర్వాత ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. రాయగడ వైపు పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయన చనిపోయిన కబురు నాకు ఉత్తరంలో తెలిసింది. అమ్మ మాత్రం నన్ను విజయనగరం బండి ఎక్కించడానికి స్టేషనుకి వచ్చింది. నా ట్రంకుపెట్టె మోస్తానంది. నేనే లాక్కున్నాను. ప్లాట్‌ఫారం మీద ఆమె నిలబడి ఉంటే, అప్పటికే కొంచెం ముందుకి ఒరిగి, కింద పడిందేదో వెతుకుతున్నట్టు కనిపించింది.

ట్రైనింగు అయి ఉద్యోగం రావడానికి నాలుగేళ్లు పట్టింది. దూరపు ఊళ్లు, ఇరుకు గదులు, అమ్మను తెచ్చుకోవడానికి మరో మూడేళ్లు. అన్నాళ్లూ అమ్మ ఆ బల్ల ముందే నిలబడింది. నా దగ్గరికి వచ్చేనాటికి తిన్నగా నిలబడడం ఆమె వల్ల కాలేదు. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకి పడుకుని చూసేది. నాకేమో ప్రతి బడిలోనూ ఒక కుర్చీ ఉండేది, చేతులున్న కుర్చీ. ముప్పై అయిదేళ్లు అందులో కూర్చుని నేను పిల్లలకి నిజమే చెప్పమని నేర్పాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. పిక్కలు కోసే యంత్రాలొచ్చాయి, నిజమే. మొన్న శ్రీకాకుళంలో ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్లాను. కొనడానికి వచ్చినవాళ్లకి మెత్తటి కుర్చీలు. చీరలు విప్పి చూపిస్తున్న అమ్మాయికి పాతికేళ్లుండవు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. పాదాలు చెప్పుల పట్టీల మీంచి పొంగి ఉన్నాయి. "పొద్దుట్నించీ నిలబడే ఉన్నావా అమ్మా?" అన్నాను. "కూకోకూడదండి, కెమెరాలో సూస్తారు" అంది, నవ్వుతూ. పిక్కలు కొట్టే అప్పలమ్మకి ఈ నవ్వు తెలుసు. ఎత్తులూ కొలతలూ ఇప్పుడు పుస్తకాల్లో ఉన్నాయి. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నది మాత్రం ఇప్పటికీ గుమ్మంలో నిలబడ్డవాడే చెబుతున్నాడు.

అమ్మతో ఆ సంగతి నేను ఒక్కసారే ఎత్తాను. ఆమె పోవడానికి రెండేళ్ల ముందు. మధ్యాహ్నం, ఆమె మంచం అంచున కూర్చుని ఉంది, నేను కాళ్లకి నూనె రాస్తున్నాను. "అమ్మా, ఆ రోజు నేను అలా చెప్పి ఉండకూడదు. నువ్వే నా చోట ఉంటే ఏం చెప్పేదానివి?" అన్నాను. క్షమించానంటుందని ఆశ. లేకపోతే, నేనైనా అదే సెప్పుదును అంటుందని.

"నాకేటి తెలుసు? నన్ను ఎవులూ అడగలేదు" అంది.

నిజమే. ఇన్‌స్పెక్టరు అడగలేదు, షావుకారు అడగలేదు. ఇంట్లో ఇన్నేళ్లు పక్కనే ఉన్న నేనూ, డాక్టర్ల దగ్గరికి తిప్పాను, మందులు కొన్నాను, పరుపు మార్చాను, అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనన్న భయం. నూనె చేతులు అలాగే ఉంచి, "ఇప్పుడు అడుగుతున్నానమ్మా. ఆ ఏడేళ్లూ నీకెలా ఉండేది?" అన్నాను.

నా ముఖం చూడాలంటే ఆమె మెడ బలవంతాన పైకెత్తాలి, అది ఆమెకి చాలా కష్టం. మామూలుగా ఎత్తేది కాదు, నేల చూస్తూనే మాట్లాడేది. ఆ రోజు ఎత్తింది.

"ఇప్పుడా?" అంది.